వక్తల పేర్లు లేని సదస్సుకు వెళ్ళడం వల్ల ప్రయోజనం ఏమిటి?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర ఒక పల్లె. నేను, నా భర్త కట్టె గానుగతో పల్లి నూనె, నువ్వుల నూనె పట్టి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఎక్కువగా హైదరాబాద్‌కు పంపుతున్నాము. వచ్చే నెలలో ఒక ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఆన్‌లైన్ వ్యాపారం మీద ఒక సదస్సు ఉన్నదని తెలిసింది. అందులో ముందుగా నిర్ణయించిన వక్తలు గానీ కార్యక్రమ పత్రం గానీ ఉండవని, వచ్చినవాళ్ళే ఆ రోజు ఉదయం విషయాలు నిర్ణయించుకుంటారని చెప్పారు. ప్రవేశ రుసుము 300 రూపాయలు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. అక్కడికి వచ్చే చదువుకున్నవాళ్ళ మధ్య నేనేం మాట్లాడగలనన్న భయంతో, పేరు నమోదు ఫారంలో ‘మీరు ఏ విషయం చర్చకు పెడతారు’ అన్న గడిని ఖాళీగా వదిలేశాను. ఎవరు మాట్లాడతారో తెలియని సభకు పోయి ఒక రోజు పాడుచేసుకోవడం ఎందుకని, మన కిటుకులు నలుగురిలో చెబితే పోటీ పెరుగుతుందని మా ఆయన అంటున్నారు. బెంగళూరు నుంచి కూడా నూనె అడుగుతున్నారు. జీఎస్టీ, లైసెన్సుల సంగతి అక్కడే అడిగి తెలుసుకోవచ్చా? అసలు వెళ్ళమంటారా?
– ఒక సోదరి, వనపర్తి జిల్లా

సమాధానం: తప్పకుండా వెళ్ళండి. అయితే ఆ ఫారంలో ఖాళీగా వదిలిన గడిని నింపిన తరువాతనే వెళ్ళండి. వక్తలు ఉన్న సభకు ఊరికే వెళ్ళి కూర్చున్నా ఏదో ఒకటి చెవిన పడుతుంది. పాల్గొనేవాళ్ళే నడుపుకునే సభలో మాత్రం, తన వ్యాపారంలోని ఒక నిజమైన చిక్కును వెంట తీసుకుని వచ్చినవారికి దొరికినంత, వినడానికి మాత్రమే వచ్చినవారికి దొరకదు. మీ ఉత్తరం చదివితే మీ దగ్గర అటువంటి చిక్కులు నాలుగైదు ఉన్నాయని అర్థమవుతున్నది. వాటిలో దేన్ని తీసుకుపోవాలి, దేన్ని ఇంకో చోట తేల్చుకోవాలి అన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం.

కార్యక్రమ పత్రం లేదంటే నిర్వాహకులు ఏర్పాట్లు చేయలేదని మీ భర్త అనుకోవడం సహజమే గాని, ఈ పద్ధతి ఇవాళ పుట్టింది కాదు. అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన ఏడాది పొడుగునా శ్రమించి ఒక పెద్ద సదస్సు జరిపితే, వచ్చినవాళ్ళు అందులో తమకు అన్నింటికంటే పనికివచ్చినవి మధ్యలో టీ తాగే విరామాలేనని చెప్పారట. ఆ అనుభవం నుంచి ఆయన 1985లో, సభ మొత్తాన్నీ ఆ విరామాల తీరులోనే నడిపే ‘ఓపెన్ స్పేస్’ పద్ధతిని రూపొందించారు. 2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు సాఫ్ట్‌వేర్ పనివాళ్ళు ఇదే ధోరణిలో ‘బార్‌క్యాంప్’ పేరుతో ఒక సమావేశం జరిపారు. ఆహ్వానం ఉన్నవారికి మాత్రమే ప్రవేశమిచ్చే సభలు అప్పట్లో ఉండేవి. అందరికీ తలుపులు తెరిచిన సభ ఒకటి ఉండాలన్నది వారి పట్టుదల. ఆ తరువాత ఆ పేరుతో ఎన్నో దేశాలలో, మన హైదరాబాద్‌లో కూడా సమావేశాలు జరిగాయి. కాబట్టి మహబూబ్‌నగర్ సదస్సును నడిపేవాళ్ళు ఒక తెలిసిన దారినే అనుసరిస్తున్నారు.

ఆ రోజు ఎట్లా నడుస్తుందో ముందే తెలిస్తే మీకు సగం బెరుకు పోతుంది. ఉదయం అందరూ గుండ్రంగా కూర్చుని, పేరు, ఊరు, చేసే పని ఒకటి రెండు మాటలలో చెప్పుకుంటారు. గోడ మీద ఒక పెద్ద కాగితం ఉంటుంది. దాని మీద ఒకవైపు గదుల పేర్లు, ఇంకొకవైపు సమయాలు రాసి, గడులు గీసి ఉంచుతారు. చర్చ పెట్టదలచినవారు ఒక చీటీ మీద విషయం రాసి, లేచి నిలబడి దానిని అందరికీ చదివి వినిపించి, ఏదో ఒక గడిలో అంటిస్తారు. ఒక్కొక్క చర్చ అరగంట నుంచి గంట దాకా సాగుతుంది. ఒకే సమయంలో రెండు మూడు గదులలో చర్చలు నడుస్తాయి గనుక, మీకు కావలసినది మీరే ఎంచుకోవాలి. కూర్చున్న చోట మీరు నేర్చుకునేది గాని, నేర్పేది గాని లేదనిపిస్తే, మధ్యలోనే లేచి ఇంకొక గదికి వెళ్ళవచ్చు. ఇది ఈ పద్ధతిలో మర్యాదలోపం కాదు, అందరూ ఒప్పుకున్న నియమం. మన దిక్కున పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే లేచిపోవడం తప్పుగా చూస్తారు గనుక ఈ ఒక్క నియమం పాటించడానికి మీకు మనసు ఒప్పకపోవచ్చు. అయినా పాటించండి. గానుగ ఆపి, బస్సెక్కి వచ్చిన రోజును మొహమాటానికి ఖర్చు చేయకండి.

ఇక భాష సంగతి. మహబూబ్‌నగర్‌లో జరిగే సభకు వచ్చేవాళ్ళలో చాలామంది గద్వాల, నారాయణపేట, నాగర్‌కర్నూలు, జడ్చర్ల, కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే మీవంటి చిన్న వ్యాపారులే అయి ఉంటారు. మీ చీటీ తెలుగులో రాయండి, మీరు ఇంట్లో మాట్లాడే పాలమూరు మాటలోనే విషయం చెప్పండి. వ్యాపారంలో వాడే ఆర్డరు, పార్సిలు, రిటర్ను, క్యాష్ ఆన్ డెలివరీ వంటి మాటలు మీకు రోజూ నోట్లో నానేవే గదా, అంతకు మించిన ఇంగ్లీషు అక్కడ అవసరపడదు. ఎవరైనా తెలియని మాట వాడితే, దాని అర్థం వెంటనే అడగండి. అడిగిన తరువాత చూస్తే, ఆ గదిలో అదే అనుమానంతో మౌనంగా కూర్చున్నవారు ఇంకా కొందరు ఉన్నారని మీకే తెలుస్తుంది.

ఏ ప్రశ్న తీసుకువెళ్ళాలన్న దగ్గర మాత్రం మీరు తొందరపడవద్దు. వ్యాపారంలో వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. కొన్నింటికి జవాబు చట్టంలోనో కార్యాలయంలోనో స్థిరంగా ఉంటుంది. లైసెన్సు, పన్ను, లేబులు వంటివి ఈ కోవకు చెందినవి. వీటిని నలుగురిలో చర్చకు పెడితే నాలుగు రకాల జవాబులు వస్తాయి, వాటిలో సరైనది ఏదో తేల్చడానికి మళ్ళీ కార్యాలయానికే పోవలసి వస్తుంది. మరికొన్ని ప్రశ్నలకు జవాబు ఏ కాగితంలోనూ ఉండదు, ఆ పని చేస్తూ చేస్తూ దెబ్బలు తిన్నవారి దగ్గరే ఉంటుంది. డబ్బా కారకుండా ఎట్లా కట్టాలి, పార్సిలు తీసుకోనన్న కొనుగోలుదారుతో ఎట్లా మాట్లాడాలి, రేటు పెంచవలసి వచ్చినప్పుడు పాత ఖాతాదారులకు ఎట్లా చెప్పాలి, ముఖం చూడని మనిషికి మన నూనె మీద నమ్మకం ఎట్లా కలిగించాలి – ఇటువంటివాటికి పాల్గొనేవాళ్ళు నడిపే సభను మించిన చోటు మన జిల్లాలలో సులభంగా దొరకదు.

అందుకని సదస్సుకు వెళ్ళే ముందు రెండు రాత్రులు కూర్చుని, గడచిన మూడు నెలల లెక్కలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఎన్ని పార్సిళ్ళు పంపారు, వాటిలో ఎన్ని కారాయి లేదా పగిలాయి, ఎన్ని తిరిగి వచ్చాయి, ఒక్కొక్క దానికి రవాణా ఎంత పడింది, డబ్బు ముందే చేరినవి ఎన్ని, సరుకు ముట్టిన తరువాత వచ్చినవి ఎన్ని. గానుగ వైపు కూడా చూడండి. ఒక లీటరు నూనెకు ఎన్ని కిలోల పల్లి గింజలు పడుతున్నాయో మీకు నోటికే తెలిసి ఉంటుంది. కట్టె గానుగలో సాధారణంగా రెండున్నర కిలోలకు అటూఇటుగా పడుతుంది. గింజల ధర, కరెంటు, సీసా, మూత, అట్టపెట్టె, మీ ఇద్దరి కూలి కలిపి, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే వచ్చే డబ్బు తీసివేసి, లీటరుకు మీకు నిజంగా ఎంత మిగులుతున్నదో తేల్చండి. చాలా ఇళ్ళలో ఇంటివాళ్ళ కూలిని లెక్కలోకి తీసుకోరు. దానివల్ల నష్టపోయే రేటు కూడా లాభంగా కనిపిస్తుంది. ఈ లెక్క ఎవరికీ చూపించనక్కరలేదు. అయితే ఆ లెక్క మీ ఒళ్ళో ఉంటే, అక్కడ ఎవరు ఏ సలహా చెప్పినా అది మీకు సరిపడుతుందో లేదో అక్కడికక్కడే తూకం వేసుకోగలుగుతారు.

రవాణా ఖర్చు విషయంలో ఒక చిన్న లెక్క ఇక్కడే చెబుతాను, ఎందుకంటే నూనె అమ్మేవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. చాలా కొరియర్ సంస్థలు పార్సిలును తూకం వేసి ఊరుకోవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగిస్తాయి. అట్లా వచ్చిన సంఖ్య, అసలు బరువు – ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, సీసాతో కలిపితే కిలోకు దగ్గర అవుతుంది. దానిని పగలకుండా ఉండాలని 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టి గడ్డి, కాగితం కుక్కి పంపితే, మీ కిలో నూనెకు 3 కిలోల ఛార్జీ పడుతుంది. అదే ఐదు లీటర్ల డబ్బాకు సరిగ్గా సరిపోయే పెట్టె వాడితే అసలు బరువు మీదనే లెక్క పడవచ్చు. పెట్టె కొలతలు, రవాణా ఛార్జీ పక్కపక్కన రాసిన ఒక పట్టిక మీరు తీసుకుపోతే, మీ చర్చకు అదే మంచి ప్రారంభం అవుతుంది.

కాబట్టి ఫారంలోని ఆ గడిలో ‘ఆన్‌లైన్ మార్కెటింగ్’ అనో, ‘వ్యాపారాభివృద్ధి’ అనో రాయవద్దు. అటువంటి చీటీ చూసి వచ్చేవాళ్ళకు తామెందుకు వచ్చారో తెలియదు. ‘ఐదు లీటర్ల నూనె డబ్బా వనపర్తి నుంచి హైదరాబాద్‌కు కారకుండా, తక్కువ ఖర్చుతో చేర్చడం ఎట్లా? ద్రవ పదార్థాలు పంపేవాళ్ళు అందరూ రండి’ అని రాయండి. ఈ మాట చదివిన పచ్చళ్ళ వ్యాపారి, తేనె అమ్మేవారు, నెయ్యి పంపేవారు అందరూ మీ గదికి వస్తారు. పచ్చడి సీసా నుంచి నూనె ఊరడం, మీ సీసా నుంచి నూనె కారడం ఒకే జాతి సమస్యలు. మూత కింద వేడితో అతికించే రేకు సీలు గురించి, చిన్న మోతాదులో ఆ సీలు వేసే చేతి యంత్రాల గురించి, అట్ట మందం గురించి వాళ్ళు ఇప్పటికే తమ డబ్బు పెట్టి నేర్చుకుని ఉంటారు. మీ చర్చలో మీరు మొదట రెండు నిమిషాలు మీ సమస్య చెప్పండి. వీలైతే కారిన సీసా ఒకటి, దానిని పెట్టి పంపిన అట్టపెట్టె ఒకటి వెంట తీసుకువెళ్ళి అందరి మధ్యా పెట్టండి. వస్తువు కళ్ళ ముందు ఉంటే మాట దారి తప్పదు. తరువాత ‘ఇంతకుముందు ద్రవాలు పంపినవాళ్ళు ముందుగా చెప్పండి’ అని అడగండి. ఎవరైనా ఒక్కరే మాట్లాడుతూ పోతే, ‘అన్నా, మీరు చెప్పింది రాసుకున్నాను, ఆ మూలన ఉన్న అక్క ఏమంటుందో కూడా విందాం’ అంటే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు.

మీ సరుకే అమ్మేవాళ్ళు దొరకకపోయినా నిరాశపడవద్దు. వేరే సరుకు అమ్మేవారి దగ్గరనే ఎక్కువ నేర్చుకునేది ఉంటుందని నా అభిప్రాయం. గద్వాల చీరలు గాని, నారాయణపేట చీరలు గాని అమ్మేవారికి తిప్పి పంపే పార్సిళ్ళ బాధ మీకంటే బాగా తెలుసు. ఫోటోలో కనిపించిన రంగు వేరు, చేతికి వచ్చిన రంగు వేరు అని చీర వెనక్కి వస్తే, పోను రాను రెండు ఛార్జీలూ అమ్మేవారి నెత్తినే పడతాయి. అందుకని వాళ్ళలో కొందరు పంపే ముందు పగటి వెలుగులో చిన్న వీడియో తీసి పంపించి, ‘ఇదే చీర, ఒప్పుకుంటారా’ అని అడిగి, కొంత డబ్బు ముందే తీసుకుంటారు. మొత్తం డబ్బు సరుకు ముట్టిన తరువాతనే ఇచ్చే పద్ధతి నుంచి, కొంత ముందు కొంత తరువాత అనే పద్ధతికి ఖాతాదారులను ఎట్లా మళ్ళించారో వాళ్ళను అడగండి.

కొల్లాపూర్ మామిడి రైతులలో నేరుగా అమ్ముకునేవారు ఎవరైనా వస్తే వాళ్ళను అసలు వదలవద్దు. మామిడి కాయ కోతకు రాకముందే ఆర్డర్లు రాసుకుని, కోసిన వెంటనే పంపే అలవాటు వాళ్ళకు ఉంటుంది. మీకు కూడా పల్లి సరుకు ఏడాదంతా ఒకే తీరుగా దొరకదు. మన పాలమూరులో పల్లి ఎక్కువగా యాసంగి (రబీ) పంట. జనవరి నుంచి మార్చి దాకా వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల, అచ్చంపేట, బాదేపల్లి మార్కెట్లకు సరుకు వస్తుంది. ఆ సమయంలో ఏడాదికి సరిపడా కొనడానికి చేతిలో డబ్బు ఉండదు, డబ్బు సమకూరే నాటికి ధర పెరుగుతుంది. మీ దగ్గర నెలనెలా నూనె తీసుకునే ఇళ్ళ నుంచి ఆరు నెలల డబ్బు సగం ముందుగా తీసుకుని, దానితో యాసంగిలో కాయలు కొని, వాళ్ళకు నెలనెలా తాజాగా పట్టి పంపగలిగితే మీకు వడ్డీ భారం తగ్గుతుంది, వాళ్ళకు ధర స్థిరంగా ఉంటుంది. అయితే ఇది ఇతరుల డబ్బు. నిలువ చేసిన కాయలలో తేమ మిగిలితే బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉన్నది. కాయలు బాగా ఎండబెట్టి, గాలి ఆడే చోట, నేలకు తగలకుండా నిలువ చేసే వసతి లేకుండా ముందస్తు డబ్బుకు చేయి చాపవద్దు.

హైదరాబాద్‌కు ఎక్కువగా పంపుతున్నారు గనుక ఇంకొక సంగతి కూడా అక్కడ చర్చించదగినది. ఇంటింటికీ కొరియర్ చేయడానికి బదులు, వారంలో ఒక రోజున ఒకే ప్రాంతానికి చెందిన ఆర్డర్లన్నీ కలిపి ఆర్టీసీ కార్గోలో పంపి, అక్కడి నుంచి ఒక నమ్మకమైన మనిషి ద్వారా పంచడం కొందరికి గిట్టుబాటు అవుతుంది. మీరు ఒక్కరే అయితే ఆ మనిషికి ఇచ్చే కూలి బరువు అవుతుంది. పచ్చళ్ళు, పిండివంటలు, చిరుధాన్యాలు అమ్మే ఇద్దరు ముగ్గురు మీతో కలిస్తే అదే కూలి పంచుకోవచ్చు. ఇటువంటి పొత్తు కుదిరేది మనుషులు ఎదురుబదురుగా కూర్చున్నప్పుడే. నా దృష్టిలో ఈ ఒక్కటి కుదిరినా మీ 300 రూపాయలకు, మీ ఆదివారానికి న్యాయం జరిగినట్టే.

మీ భర్త చెప్పిన పోటీ భయాన్ని నేను కొట్టిపారేయను. దాచుకోవలసినవి కొన్ని నిజంగానే ఉంటాయి. మీరు ఏ రైతు దగ్గర ఏ ధరకు కాయలు కొంటున్నారో, మీకు లీటరుకు మిగిలేది ఎంతో, పెద్ద మొత్తంలో తీసుకునే ఖాతాదారులు ఎవరో చెప్పనవసరం లేదు. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు అయితే అసలు మీవి కావు, మిమ్మల్ని నమ్మి వాళ్ళు ఇచ్చినవి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. మీ ఫోనులో వాట్సాప్ సంభాషణ చూపించవలసి వస్తే ముందే దాని ఫోటోలు తీసి, వాటిలో పేర్లు, నంబర్లు కనిపించకుండా చెరిపి ఉంచుకోండి. సీసా ఎట్లా కట్టారు, ఏ కొరియర్‌తో ఏ ఇబ్బంది వచ్చింది, ఏ రకం ఫోటోకు ఎక్కువ ఆర్డర్లు వచ్చాయి – ఇవి చెప్పినందువల్ల మీ ఖాతాదారు ఒక్కరు కూడా తగ్గరు, ఎందుకంటే వాళ్ళు మీ దగ్గరకు వస్తున్నది మీ నూనె వాసన, మీ మాట నిలకడ చూసి. లండన్‌లోని చాతమ్ హౌస్‌లో 1927లో మొదలైన ఒక నియమం ఉన్నది: సభలో విన్న విషయాన్ని వాడుకోవచ్చు గాని, అది ఎవరు చెప్పారో బయట చెప్పకూడదు. మీ చర్చ మొదట్లోనే ఈ నియమం పెట్టుకుందామని అడగండి. నష్టాలు చెప్పుకోవడానికి వెనకాడేవాళ్ళు కూడా అప్పుడు నోరు విప్పుతారు.

తలుపులు అందరికీ తెరిచిన సభకు, తమ కోర్సులు, తమ యాప్‌లు, తమ ప్రకటనల ప్యాకేజీలు అమ్ముకోవడానికి కూడా కొందరు వస్తారు. వాళ్ళందరూ మోసగాళ్ళని నేను అనను, వాళ్ళదీ ఒక వ్యాపారమే. కాని చర్చ పేరుతో కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నకూ ‘అది మా శిక్షణలో వివరంగా చెబుతాము’ అనేవారి గది నుంచి లేచి రావడానికే ఆ నడిచిపోయే నియమం ఉన్నది. ఎవరైనా లక్షల అమ్మకాల గురించి చెబితే, ప్రకటనలకు ఎంత ఖర్చయింది, ఎన్ని తిరిగి వచ్చాయి, తినే సరుకు ఎప్పుడైనా అమ్మారా అని మర్యాదగా అడగండి. ఆ రోజు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వవద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. మీ పేజీ గాని, మీ వాట్సాప్ గాని సరిచేస్తామని ఫోను అడిగితే ఇవ్వవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఇంకొక జాగ్రత్త కూడా ఉన్నది. ప్రకటనల మీద జరిగే చర్చలో, మీ నూనె వాడితే షుగరు తగ్గుతుందని, గుండె జబ్బు రాదని రాస్తే బాగా అమ్ముడవుతుందని ఎవరైనా చెప్పవచ్చు. ఆహార పదార్థం జబ్బులు నయం చేస్తుందని ప్రచారం చేయడాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు నిషేధిస్తున్నాయి. ‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అన్న మాట కూడా గొప్పగా చెప్పుకోదగినది కాదు, మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. పల్లి ఏ ఊరిది, గానుగ ఎప్పుడు ఆడింది, ఏమీ కలపలేదన్న మాట – ఇవి నిజాయితీగా రాస్తే చాలు.

జీఎస్టీ, లైసెన్సుల గురించి మీరు అడిగారు. వాటిని సదస్సుకు వాయిదా వేయవద్దని నా సలహా. ఆహార పదార్థాలు తయారుచేసి అమ్మేవారు ఎంత చిన్నవారైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు చేయించుకోవాలి. ఆ 14 అంకెల సంఖ్య మీ లేబులు మీద ఉండాలి. వంట నూనెను విడిగా, ప్యాకింగు లేకుండా అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు గనుక, ఖాతాదారు తెచ్చిన డబ్బాలో పోసి ఇచ్చే అలవాటు ఉంటే మానుకోవాలి. లేబులు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఎప్పటిలోపు వాడాలి, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. జీఎస్టీలో అందరూ పొరబడే అంశం ఒకటున్నది. సరుకులు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటే దాకా నమోదు అక్కరలేదని ఆ సభలో ఎవరో ఒకరు తప్పక చెబుతారు. అది ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలలో నిజం. తెలంగాణ పాత హద్దునే ఉంచుకున్నది గనుక ఇక్కడ 20 లక్షలే. అంతేకాక, ఒక రాష్ట్రం నుంచి ఇంకొక రాష్ట్రానికి సరుకు అమ్మితే ఈ హద్దుతో నిమిత్తం లేకుండా నమోదు కావాలి. అంటే మీరు బెంగళూరుకు మొదటి డబ్బా పంపే ముందే జీఎస్టీ సంఖ్య తీసుకోవాలి. తీసుకున్న తరువాత నూనె మీద పన్ను వసూలు చేసి కట్టడం, గడువులలో పన్ను రిటర్నులు వేయడం మీ మీద పడుతుంది. ఆ అదనపు పనికి, అకౌంటెంటుకు ఇచ్చే రుసుముకు బెంగళూరు ఆర్డర్లు సరిపోతాయా అన్నది ముందుగా లెక్క చూసుకోవాలి. వనపర్తిలోని ఒక జీఎస్టీ అకౌంటెంటు దగ్గర, ఆహార భద్రతా అధికారి దగ్గర, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక్క పూట తిరిగితే ఇవన్నీ తేలిపోతాయి. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఇంకా చేయించుకోకపోతే అది కూడా చేయించుకోండి, దానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు గనుక డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం లేదు. ఈ పనులు ముందే ముగించుకుని సదస్సుకు వెళితే, ‘నమోదు తరువాత పొరుగు రాష్ట్రానికి పంపడంలో మీకు ఎదురైన ఇబ్బందులేమిటి’ అన్న, అనుభవజ్ఞులు మాత్రమే చెప్పగల ప్రశ్న అడగగలుగుతారు.

మీ భర్తను ఇంటి దగ్గర ఉంచి వెళ్ళడం కంటే, వెంట తీసుకువెళ్ళడం మంచిది. ఒకే సమయంలో రెండు గదులలో చర్చలు నడుస్తాయని చెప్పాను గదా, మీరు ఖాతాదారుల గురించిన చర్చలో ఉన్నప్పుడు ఆయన యంత్రాలు, ప్యాకింగు గురించిన చర్చలో కూర్చోవచ్చు. గానుగ గురించి ఆయనకు తెలిసినది అక్కడ ఇంకొకరికి అవసరపడవచ్చు కూడా. నలుగురు తనను అడిగి తెలుసుకుంటే, ఇటువంటి సభ ఎందుకో ఆయనకు ఎవరూ వివరించవలసిన పని ఉండదు. ఆదివారం మార్కెట్ కొనుగోళ్ళ ఒత్తిడి కూడా తక్కువే. ఒకవేళ ఆ వారంలో కాయల రాక ముమ్మరంగా ఉండి, సరుకు దింపుకోవలసిన పని పడితే మాత్రం ఆయన సరుకు చూసుకోనివ్వండి, మీరు ఒక్కరే వెళ్ళండి. మంచి కాయ కొనే అవకాశాన్ని ఏ సదస్సు కోసమూ వదులుకోవద్దు.

వచ్చిన రాత్రి ఎంత అలసినా, విన్నవాటిలో మీ వ్యాపారానికి తగినవి రెండు మాత్రం రాసుకోండి. అన్నీ ఒకేసారి మార్చబోతే ఏది పనిచేసిందో తెలియదు. మూత సీలు మారిస్తే, వచ్చే ఇరవై పార్సిళ్ళను ఆ కొత్త సీలుతోనే పంపి, ఎన్ని కారాయో పాత లెక్కతో సరిచూసుకోండి. మాట ఇచ్చినవారికి వారం లోపే ఫోను చేయండి. ముఖ్యంగా హైదరాబాద్‌కు కలిసి సరుకు పంపుదామన్నవారితో మొదటి పంపకానికి తేదీ, ఎవరి వంతు ఖర్చు ఎంత, డబ్బా పగిలితే నష్టం ఎవరిది అన్న మూడు మాటలు కాగితం మీద పెట్టుకున్న తరువాతనే సరుకు ఎక్కించండి. సాయంత్రం ముగింపు సభలో తరువాతి సమావేశం ఎక్కడ, ఎప్పుడు అన్న చర్చ సాధారణంగా వస్తుంది. అప్పుడు లేచి, దానిని వనపర్తిలో పెట్టమని, యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చే నెలలు తప్పించి పెట్టమని అడగండి.